బిస్కెట్ కార్డు మీద బావమర్ది

ముందే చెప్పేస్తున్నాను, నాకు పెంచి చెప్పే జబ్బు ఉంది. నా రాతలో చెరువు కనిపిస్తే మీరు బిందె అనుకోండి. బిందె కనిపిస్తే గ్లాసు అనుకోండి. గ్లాసు కనిపిస్తే అక్కడ ఏమీ లేదని అర్థం చేసుకోండి. మా ఆవిడ సునీత పద్నాలుగేళ్ళుగా ఈ లెక్కతోనే నాతో కాపురం చేస్తోంది. మీరూ ఆ లెక్కతోనే చదవండి. ఎందుకంటే ఇప్పుడు చెప్పబోయేది మూడేళ్ళ కిందట నేను సొంత చేతులతో, పూర్తి తెలివిలో ఉండి, మంచి మంచి రంగులు వేసి మరీ చేసిన ఘోరం.

ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు మీద నాకు ఫ్లెక్సీలు కొట్టే దుకాణం ఉంది. మా వృత్తిలో పెద్ద పాపం ఏమిటంటే ఖాళీ వదలడం. ఫ్లెక్సీలో జానెడు జాగా మిగిలినా కస్టమర్ ఊరుకోడు. "అన్నా, గీడ జాగా ఉన్నదిగదా, మా పెద్దనాయిన కొడుకు ఫోటో పెట్టు" అంటాడు. ఇరవై ఏళ్ళు అలా తలకాయలు సర్ది సర్ది, నాకు ఆకాశంలో ఖాళీ కనిపించినా అక్కడ ఎవరినో ఒకరిని గుండ్రంగా కత్తిరించి అతికించాలనిపిస్తుంది.

మా అమ్మాయి సహస్రకు అప్పుడు ఐదేళ్ళు. ఆటిజం ఉందని అంతకు ఏడాది ముందే తెలిసింది. మాటలు ఇంకా రాలేదు. ఏదైనా కావాలంటే మా చెయ్యి పట్టుకుని గుంజేది, లేదంటే ఏడ్చేది. మేమిద్దరం ఇంట్లో ఉన్న వస్తువులన్నీ ఒక్కొక్కటిగా తెచ్చి ఆమె ముందు ప్రదర్శన పెట్టేవాళ్ళం. నీళ్ళా, పాలా, బొమ్మా, ఫ్యానా? ఒక రోజు సిలిండర్ కూడా దొర్లించుకొచ్చాను. ఆమెకు ఏం కావాలో ఆమెకు తెలుసు, మాకు తెలియదు. ఆ ఇంట్లో అసలు బాధ అదే.

వారానికి రెండుసార్లు మీర్‌పేట్‌లో రేష్మా మేడం దగ్గరికి తీసుకెళ్ళేవాళ్ళం. ఆమె స్పీచ్ థెరపిస్టు. మనిషి చిన్నది, మాట మాత్రం హెడ్మాస్టరు మాట. ఒక రోజు మా ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టింది.

"సర్, పాప నా దగ్గర ఉండేది వారంల రెండు గంటలు. మిగిలింది మొత్తం మీ ఇంట్లనే. అసలు థెరపీ చెయ్యాల్సింది మీరే."

ఆ మాట నా చెవిలో పడేసరికి పట్టా పుచ్చుకున్నట్టు అయిపోయింది. మెడలో స్టెతస్కోపు ఒక్కటే తక్కువ.

"ఇగ కార్డులు మొదలుపెడదాం. బిస్కెట్ కావాలంటే పాప బిస్కెట్ కార్డు తెచ్చి మీ చేతుల పెడ్తది. పెట్టంగనే మీరు బిస్కెట్ ఇయ్యాలె. ఏం గావాలె, నోటితోటి చెప్పు అని సతాయించకుర్రి. కార్డు ఇస్తే పనైతది అని పాపకు నమ్మకం రావాలె. మొదట్ల ఎనుక ఒకరు కూసొని పాప చెయ్యి పట్టి ఇప్పియ్యాలె, ముందర ఒకరు తీసుకోవాలె."

"కార్డుల సంగతి నాకిడిసిపెట్టుర్రి మేడం. నా పనే గది."

"గందుకే చెప్తున్న సర్. అరచెయ్యంత కార్డు. తెల్ల కాగితం. కార్డుకు ఒకటే బొమ్మ. ఇంకేం వద్దు."

చూశారా, ఎంత స్పష్టంగా చెప్పిందో. అయినా దుకాణంలో కంప్యూటర్ ముందు కూర్చునేసరికి నాలోని కళాకారుడు నిద్ర లేచాడు. తెల్ల కాగితం మీద ఒక్క గ్లాసు పెట్టి చూశాను. ఆ గ్లాసు ఎవరో పోయిన ఇంట్లో గోడ పక్కన పెట్టినట్టు దిగులుగా ఉంది. నా బిడ్డ మొదటిసారి ఈ లోకాన్ని అడగబోయే కార్డు ఇలాగా ఉండేది?

కంప్యూటర్‌లో మా బావమర్ది శ్రీను దసరా శుభాకాంక్షల ఫైలు తెరిచే ఉంది. శ్రీను అంటే సునీత తమ్ముడు. వార్డులో యువ నాయకుడు. కౌన్సిలర్‌గా పోటీ చేస్తానని ఆరేళ్ళుగా పండగ పండగకీ ఫ్లెక్సీ కట్టిస్తున్నాడు. దసరా, రంజాన్, క్రిస్మస్, ఏదీ వదలడు. పండగ లేని నెలలో వానలు పడినందుకు శుభాకాంక్షలు చెబుతాడు. ఆ ఫైల్లో పూలవాన ఉంది, బంగారు కిరణాలు ఉన్నాయి. దుర్గమ్మను భక్తితో తీసేసి ఆ చోట నీళ్ళ గ్లాసు పెట్టాను. వెనక జలపాతం, పైన ఇంద్రధనుస్సు, కింద ఎర్ర అంచుతో "నీళ్ళు" అని ఉబ్బెత్తు అక్షరాలు. కుడి పక్క మూలన శ్రీను చేతులు జోడించి, నల్లద్దాలు నెత్తి మీదికి ఎత్తుకుని నవ్వుతున్నాడు. అతన్ని తీసి చూశాను. మూల బోసిపోయింది. మళ్ళీ పెట్టేశాను.

అలా పన్నెండు కార్డులు కొట్టాను. బిస్కెట్ కార్డు మీద బిస్కెట్ చుట్టూ కాంతిచక్రం తిరుగుతోంది, చూసినవాడు కొబ్బరికాయ కొట్టాల్సిందే. అన్నిటి మీదా అదే మూలన అదే శ్రీను. అరచెయ్యంత అని మేడం చెప్పింది కదా, అరచెయ్యి ఎవరిదో చెప్పలేదని గోడ క్యాలెండరంత కొట్టాను. అలవాటు చొప్పున నాలుగు మూలలా రింగులు కూడా వేశాను, అవసరమైతే కరెంటు స్తంభానికి కట్టుకోవచ్చని.

సునీత వాటిని ఒక్కొక్కటే తిప్పి తిప్పి చూసింది.

"మేడం చెప్పింది గివ్వేనా?"

"గింతకంటె మంచిగ."

"శ్రీనుగాడెందుకున్నడు?"

"డిజైన్ల ఉన్నడు."

"బిస్కెట్ల కూడానా?"

"నీ తమ్ముడు కాదా వాడు? జాగా ఉన్నది, ఉండనియ్యి."

మొదటి రెండు రోజులు సునీత వెనక కూర్చుని చెయ్యి పట్టి ఇప్పించింది, నేను ముందు కూర్చుని అందుకున్నాను. మూడో రోజు సాయంత్రం ఆ అద్భుతం జరిగింది. సహస్ర తనంతట తానే లేచి, నీళ్ళ కార్డు రెండు చేతులతో ఎత్తి పట్టుకుని, ధర్నాకు బయలుదేరినట్టు నా దగ్గరికి నడిచి వచ్చి నా ఒళ్ళో పెట్టింది. పెట్టి, కుడి మూలన వేలితో టకటకా కొట్టింది. గట్టిదనం చూస్తోంది, తండ్రి పనితనం తెలిసిన పిల్ల అని మురిసిపోయాను.

ఒక్క గెంతులో వంటింట్లోకి పోయి గ్లాసుడు నీళ్ళు తెచ్చాను. ఆమె గ్లాసును నెట్టేసింది. నీళ్ళన్నీ నా లాగూ మీద. మళ్ళీ కార్డు ఇచ్చింది, మళ్ళీ టకటకా. నేను ఫ్రిజ్ నీళ్ళు తెచ్చాను. నెట్టేసింది. కుండ నీళ్ళు, రాగి చెంబులో నీళ్ళు, సీసా నీళ్ళు, చివరికి చౌరస్తా దాకా ఉరికి కొబ్బరిబోండం. అన్నీ నా మీదే. ఆ సాయంత్రం నాకు జరిగినంత అభిషేకం శివరాత్రికి శివుడికి కూడా జరగదు.

"ఏమో, నీళ్లు గాదేమో అడిగేది" అంది సునీత.

"నీళ్ల కార్డు ఇచ్చి నీళ్లు గాకుంటె కిరసనాయిలు అడుగుతదా?"

"నా మీద ఎందుకు ఒర్రుతున్నవ్? అడిగేది అది, ఇచ్చేది నువ్వు. మీరిద్దరే తేల్చుకోర్రి."

మర్నాడు బిస్కెట్ కార్డు తెచ్చింది. బిస్కెట్ ఇస్తే విసిరేసింది. అరటిపండు కార్డు తెచ్చింది. పండు ఇస్తే నా చేతిలోనే పిసికేసింది. బంతి కార్డు తెస్తే బంతి ఇచ్చాను, దాని వైపు చూడనైనా లేదు. ప్రతిసారీ మూలన టకటకా. వారం గడిచేసరికి ఆ కొట్టడంలో మర్యాద తగ్గింది. తొమ్మిదో రోజు ఆమె కార్డు తెచ్చి ఇచ్చి, నా మొహంలోకి ఒకసారి చూసి, నేను బిస్కెట్ పొట్లం విప్పుతుంటే కింద కూర్చుని ఏడ్చింది. పదో రోజు కార్డుల పెట్టె ముట్టుకోలేదు. గోడ వైపు తిరిగి కూర్చుంది.

ఇక్కడ మాత్రం నేనేమీ పెంచడం లేదు. ఆ రోజు ఇంట్లో ఎవరం సరిగా తినలేదు. అడగడం అప్పుడే నేర్చుకుంటున్న పిల్ల, ఇక అడగను అని మానేసింది. మళ్ళీ మొదలుపెడుతుందో లేదో తెలియదు.

ఆ పది రోజులూ మేడం సెలవులో ఉంది. మర్నాడు ఆమె రాగానే బస్సెక్కి మీర్‌పేట్ పోయాం. నేను రేష్మా మేడం ముందు కూర్చుని తీర్పు చెప్పేశాను.

"మా పాపకు గీ కార్డులు పట్టుబడవు మేడం. బొమ్మకు వస్తువుకు సంబంధం తెలుస్తలేదు."

"గట్ల మీరెట్ల చెప్తరు సర్? ఒకసారి కార్డులు చూపియ్యుర్రి."

సంచిలోంచి తీసి బల్ల మీద పరిచాను. బల్ల చాలలేదు. మేడం బిస్కెట్ కార్డు ఎత్తి పట్టుకుని, దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది. నేను మెచ్చుకోలు కోసం ఎదురుచూశాను.

"ఈ సార్ ఎవరు?"

"మా బావమర్ది."

"బిస్కెట్లు అమ్ముతడా?"

"లేదు మేడం, రాజకీయం."

మేడం సునీత వైపు తిరిగింది. "పాప కార్డు ఇచ్చినంక ఇంకేమన్న చేస్తదా అక్కా?"

"ఆ మూలకు యేలితోటి కొడ్తది మేడం."

"ఈయన పాపతోటి ఏం ఆడుతడు?"

"ఆదివారమాదివారం వస్తడు. చద్దర్ల గట్టిగ చుట్టి ఇల్లంత దొర్లిస్తడు. మొఖం బయటకే ఉంచుతడు. ఇది కిలకిల నవ్వుతది. మళ్ల మళ్ల చుట్టుమని చెయ్యి గుంజుతది."

"ఎప్పుడు వచ్చిండు ఆఖరుకు?"

సునీత వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. మధ్యలోనే ఆగిపోయింది. "మూడు వారాలాయె మేడం. మీటింగులని తిరుగుతుండు."

మేడం కార్డు బల్ల మీద పెట్టింది. నా వైపు చూసింది అంతే. ఆ చూపుకు నేను కార్డులో బిస్కెట్టంత అయిపోయాను.

మమ్మల్ని ఇంటికి తీసుకుపోవడానికి శ్రీను కారు వేసుకొస్తానని పొద్దున్నే చెప్పాడు. సునీత ఫోన్ చేస్తే అప్పటికే కింద ఉన్నాడు. పైకి వచ్చాడు. అదే అంగీ, నెత్తి మీద అవే నల్లద్దాలు, ఫ్లెక్సీలోంచి దిగి నేరుగా నడిచి వచ్చినట్టు. "ఏందక్కా, ఏమైంది?" అంటూ గుమ్మంలో ఆగాడు.

అక్కడా గోడ వైపే తిరిగి కూర్చున్న సహస్ర ఆ గొంతు విని లేచింది. బల్ల దగ్గరికి వచ్చింది. బిస్కెట్ కార్డు తీసుకుంది. చెయ్యి చాపి సిద్ధంగా ఉన్న నన్ను కరెంటు స్తంభాన్ని దాటినట్టు దాటి, శ్రీను దగ్గరికి పోయి అతని చేతిలో పెట్టింది. మూలన టకటకా కొట్టింది. అతని చెయ్యి పట్టుకుని నేల మీద పరిచిన చాప వైపు గుంజింది.

"సర్," అంది రేష్మా మేడం మెల్లగా, "పాపకు మంచిగనే తెలుసు. పది రోజుల సంది మామను పిలువుమని మీకు చెప్తనే ఉన్నది. పన్నెండు కార్డులల్ల ఏ కార్డు తీసినా మామ ఉన్నడు. మామ తప్ప అన్నీ ఇచ్చిర్రు మీరు."

ఆ గదిలో సంబంధం తెలియనిది ఎవరికో తేలిపోయింది.

శ్రీను కార్డు మీద తన ఫోటో చూసుకున్నాడు, సహస్రను చూశాడు, నన్ను చూశాడు. అప్పుడు అన్నాడు కదా:

"బావా, ఇబ్రహీంపట్నంల కట్టని స్తంభం లేదు, నవ్వని ఫ్లెక్సీ లేదు. గిన్నేండ్లల్ల నా ఫోటో చూసి నన్ను రమ్మన్నది గిదొక్కతే."

మేడం అక్కడికక్కడే శ్రీనును తెల్ల గోడ ముందు నిలబెట్టి, నల్లద్దాలు తీయించి, చేతులు దించించి ఫోటో తీసింది. "గిట్ల పోలీస్ స్టేషన్ల ఫోటో లెక్క ఉన్నది మేడం" అని శ్రీను గొణిగాడు. అరచెయ్యంత తెల్ల కాగితం, ఒకటే బొమ్మ. మా ఇంట్లో మొదటి అసలు కార్డు అదే. ఇప్పుడు సహస్రకు ఎనిమిదేళ్ళు. డెబ్బై కార్డుల పుస్తకం ఉంది, నాలుగైదు మాటలు కూడా వచ్చాయి. నా కార్డు ఒకటి ఉంది. ఎక్కువగా ట్యాబ్ చార్జింగ్ అయిపోయినప్పుడే వాడుతుంది.

కాబట్టి ఇందుమూలంగా సకల జనులకూ తెలియజేయడమేమనగా: నేను, సాగర్ రోడ్డు ఫ్లెక్సీ దుకాణదారుణ్ణి, ఇకమీదట నా కూతురి కార్డుల మీద పూలవాన కురిపించను. ఏ బిస్కెట్టుకూ కాంతిచక్రం తిప్పను. ఖాళీ జాగాను ఖాళీగానే వదులుతాను, ఎంత ఏడుపొచ్చినా సరే. పిల్లకు అర్థం కావడం లేదు అని నోరు తెరిచే ముందు, అర్థం కానిది నాకేనేమో అని ఒకసారి చూసుకుంటాను. ప్రింటింగ్ మిషన్ మీద చెయ్యి వేసి చేస్తున్న ప్రమాణం ఇది. మిషన్ ఆఫ్‌లోనే ఉంది, షాక్ భయం లేదు.

ఇక ఇందులో నేను కల్పించింది ఏమిటో కూడా చెప్పేయాలి. సిలిండర్ నిజం. అభిషేకం నిజం, నీళ్ళు కొంచెం తక్కువ. కల్పించింది శ్రీను అన్న ఆ మాట. అంత చక్కని మాట వాడికి రాదు, ఇంటికొచ్చాక మూడు రోజులు కూర్చుని నేనే రాశాను. ఫోటో చూసుకున్నాక వాడు నిజంగా చేసింది ఇంతే. కార్డు జేబులో పెట్టుకోబోయాడు, పట్టలేదు, చంకలో ఇరికించుకున్నాడు. చాప మీద మోకాళ్ళేసి కూర్చుని, తల ఎత్తకుండానే అడిగాడు.

"చద్దర్ ఉన్నదా మేడం?"