చెప్పనక్కరలేదని చెప్పిన మనిషి

మా ఎస్సై అయ్య పోయారు. హోసూరు బస్టాండులో పూలమ్మే ఆమె కృష్ణగిరి నుంచి పూలబుట్టతో పాటే ఆ కబురూ మోసుకొచ్చింది. "మీ పోలీసాయన పోయినాడంట కదమ్మా" అంది. మీ పోలీసాయన! కూలి చేసుకునే ఇంటికి ఒక పోలీసు సొంతమనిషి కావడం మీరెక్కడైనా విన్నారా? మాకు ఆయన అయ్యారు. అక్కడే బస్టాండులో కూలబడి ఏడ్చాను.

ఆయన హోసూరు స్టేషనులో ఉన్న రోజుల్లో అనుమానం మీద తెచ్చిన మనిషిని ముందు బల్ల మీద కూర్చోమనేవారు. "ఇంట్లో అమ్మతో ఏ బాస మాట్లాడతావప్పా?" అని అడిగేవారు. తెలుగైతే తెలుగులో, అరవమైతే అరవంలో, కన్నడమైతే కన్నడంలో, ఎందుకు తెచ్చారో చెప్పేవారు. నీకు కీడు తెచ్చే మాట నువ్వు చెప్పనక్కరలేదనీ, వకీలును పిలిపించుకోవచ్చనీ, నోరు విప్పకపోయినా దెబ్బ పడదనీ చెప్పేవారు. అంతటితో వదిలేవారా? లేదు. విన్నవాడు దాన్ని తన మాటల్లో తిరిగి అప్పజెప్పాలి. అప్పటిదాకా ఒక్క ప్రశ్నా అడిగేవారు కాదు. కానిస్టేబుళ్లు ఆవలింతలు మింగుతూ నిలబడేవారు.

ఉద్దనపల్లిలో మేము పనికి పోయే పెద్దరైతు గడ్డివామి తగలబడింది. అంతకు ముందురోజే మా మేక ఆయన చేలో పడిందని ఆయన దాన్ని సాయంత్రందాకా కట్టేసి ఉంచితే, మా నాయన నలుగురిలో గొణిగాడు. ఇంకేం కావాలి, నాయనను స్టేషనుకు పట్టుకుపోయారు. నాకప్పటికే పెళ్లయింది, ఆ రోజుల్లో పుట్టింటికి వచ్చి ఉన్నాను. సంగటి మూట కట్టుకొని వెనకే పోయాను. జైలుకు పోతే మళ్ళీ మనిషిగా తిరిగి రాడని అమ్మ ఇంట్లో గుండెలు బాదుకుంటోంది.

పోగానే నాయన ఎస్సై అయ్య కాళ్ల మీద పడ్డాడు. "తప్పయిపోయింది సామీ, కాపాడండి" అన్నాడు. మా వాళ్లకు అదొక అలవాటు. పెద్దమనిషి కోపంగా కనబడితే చాలు, తప్పు ఎవరిదైనా ముందు ఆ మాటే నోట్లోంచి వస్తుంది. స్టేషనులో రాతపని చూసే రైటరు కలం పట్టుకున్నాడు. వెంట వచ్చిన పెద్దరైతు, "ఒప్పుకొన్నాడు, రాసుకోండి" అన్నాడు.

ఎస్సై అయ్య రైటరు చేతిలో కలం తీసి మేజా మీద పెట్టారు. "నేనింకా ఏమీ అడగనే లేదే" అన్నారు. నాయనను లేపి బల్ల మీద కూర్చోబెట్టి మొదటినుంచీ చెప్పారు. తిరిగి చెప్పమంటే నాయన మళ్ళీ "తప్పయిపోయింది సామీ" అన్నాడు. మళ్ళీ చెప్పారు. మళ్ళీ అదే పాట. నాకైతే ఒళ్లు మండిపోయింది, ఆయనకు మాత్రం విసుగు రాలేదు. పొద్దు నడినెత్తికి వచ్చాక నాయన మెల్లగా అన్నాడు: "నేను చెప్పకపోయినా మీరు కొట్టరు. అంతేనా సామీ?"

"అంతేనప్పా. ఇప్పుడు అడుగుతాను. వామి కాలినప్పుడు నువ్వు యాడ ఉండినావు?"

నాయన ఆయన ముఖంలోకి చూశాడు. పెద్దరైతును చూశాడు. "చెప్పను సామీ" అన్నాడు.

పెద్దరైతు కోపంతో గంతులేశాడు. ఎస్సై అయ్య మాత్రం, "చెప్పనన్నాడు, అది రాసుకో" అని రైటరుతో చెప్పి, టోపీ పెట్టుకొని ఉద్దనపల్లికి బయలుదేరారు. సాయంత్రానికి సంగతి తేలింది. పెద్దరైతు మనుషులే బెల్లం పొయ్యి బూడిద నిప్పు ఆరకముందే వామి పక్కన పోసి పోయారు. నాయన ఇంటికి వచ్చాడు.

వామి కాలిన పొద్దు నాయన కొండమీద మేక మేపుకుంటున్నాడు. చూసినవాళ్లూ ఉన్నారు. ఆ ముక్క చెప్పి ఉండకూడదా అని నేను విరుచుకుపడితే, "చెప్పనక్కరలేదన్నాడు కదా. నిజమా కాదా చూద్దామనుకొన్నాను" అన్నాడు. ఎంత ధైర్యం! పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ పిలిస్తే పలికిన మనిషికి అది ఎక్కడినుంచి వచ్చిందో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది.

పోలీసులు అలా ముందే చెప్పాలని కట్టడి ఏమీ లేదనీ, ఒప్పుకోలు రాసుకునే మేజిస్ట్రేటే చెప్పాలనీ తరువాత ఒక వకీలు అన్నాడు. అదే ఎస్సై అయ్యను అడిగితే, "ఆడ చెప్పేటప్పటికి ఈడ అంతా అయిపోయి ఉంటుందమ్మా" అన్నారు.

ఆయన కృష్ణగిరిలో స్థిరపడ్డాక ఏటా మామిడికాయలు తీసుకొని పోయేవాళ్లం. ఉప్పూ కారం అద్దుకొని చిన్నపిల్లాడిలా కళ్లు మూసుకొని తినేవారు. ఒకసారి ఇంట్లో గొడవపడి ఉబ్బిన కళ్లతో పోయాను. "ఏమమ్మా?" అని, వెంటనే, "చెప్పాలనిపిస్తేనే చెప్పు" అన్నారు. అంతా చెప్పేశాను. ఇంకో ఏడు నాయనే కొండమీద మేక సంగతి చెబితే మాత్రం కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. "ఎందరికో చెప్పినానప్పా. చెప్పనన్నది నువ్వొక్కడివే. నా మాట నిజమో కాదో ఆ పొద్దే నాకూ తెలిసింది" అన్నారు.

నిన్న నాయనను తీసుకొని కృష్ణగిరిలో ఆయన ఇంటికి పోయాను. వాకిట్లో బల్ల వేసి ఉంది. ఎవరూ చెప్పకుండానే నాయన దాని మీద కూర్చున్నాడు. పెద్దరైతూ వచ్చాడు. ముసలివాడైపోయాడు. నాయన లేవలేదు. కాస్త జరిగి చోటిచ్చాడు. వచ్చినవాళ్లందరూ ఎస్సై అయ్య గురించి తలా ఒక మాట చెబుతున్నారు. ఎవరో, "నీకు అంత మేలు చేసిన మనిషి కదప్పా, నువ్వూ ఏమన్నా చెప్పు" అన్నారు.

నాయన అడిగినవాడి ముఖంలోకి చూశాడు. తరువాత చాప మీద పడుకోబెట్టిన ఆయన వైపు చూశాడు. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. వీపు నిటారుగా పెట్టి, చేతులు మోకాళ్ల మీద ఉంచుకొని, పాడె లేచేదాకా అలాగే కూర్చున్నాడు. ఏమీ చెప్పలేదు.