పొద్దుటికి ఒక గాటు

ఆదోనిలో ఒక నర్సింగ్ హోంలో చాలా ఏళ్లు నర్సుగా చేశాను. మందుల అల్మరా నా చేతిలోనే ఉండేది. తేదీ దాటిన మాత్ర ఒక్కటి కనబడినా కొత్త నర్సుల మీద ఇంతెత్తున లేచేదాన్ని. డాక్టరు ఆపేసిన మందును ఆ పూటే మంచం దగ్గర నుంచి తీసేయించేదాన్ని. నా అంత జాగ్రత్త మనిషి ఇంకెవరూ లేరనుకునేదాన్ని. నా మొహం.

చదువురాని వాళ్ల కోసం ఒక పద్ధతి పెట్టుకున్నాను. మాత్రల అట్ట అంచున కత్తెరతో ఒక గాటు పెడితే పొద్దున వేసుకోవాలి, రెండు పెడితే రాత్రి. పెద్దకడుబూరు నుంచి పత్తి తీసే కూలి ముసలామె ఒకామె షుగరుకు మా దగ్గరికే వచ్చేది. "నీ కత్తెర గుర్తుంటే సాలమ్మా, ఇంగెవురూ సెప్పే పన్లేదు" అనేది.

ఒకసారి కాళ్లు వాచి మా ఆస్పత్రిలోనే చేరింది. కిడ్నీలు దెబ్బతిన్నాయని, ఇక ఆ పాత మాత్ర వేస్తే షుగరు మరీ పడిపోతుందని డాక్టరు దాన్ని ఆపి వేరేది రాశారు. ఇంటికి పంపేటప్పుడు కొత్త అట్టకు ఒక గాటు పెట్టి ఇచ్చాను. "పాతది ఆపేశారవ్వా" అని చెప్పాను కూడా. తలూపింది. పాతవి ఇంట్లో ఇంకా ఉన్నాయా అని మాత్రం అడగలేదు. అడిగి, వెనక్కి తెప్పించుకోవడం నా పని. వాళ్ల ఊరి మీదుగా పోయే ఎమ్మిగనూరు బస్సు తప్పిపోతుందని అత్తాకోడళ్లు తొందరపడ్డారు, నేనూ ఊరుకున్నాను.

వారం తిరక్కుండా కోడలు ఆమెను ఆటోలో తెచ్చింది. స్పృహ లేదు. పరీక్ష చేస్తే షుగరు పూర్తిగా పడిపోయి ఉంది. గ్లూకోజు ఎక్కిస్తూ ఏం మాత్రలు వేసుకుందని అడిగాను. కోడలు కొంగుముడి విప్పి రెండు అట్టలు చూపించింది. ఒకటి పాతది, ఒకటి కొత్తది. రెండింటికీ ఒక్కో గాటు, రెండూ నేను పెట్టినవే.

"'పాతది నిలిపేసినారంట కదత్తా' అంటి. 'సిస్టరమ్మ గుర్తు పెట్టిచ్చింది ఎందుకు నిలిపేస్తారు' అనె. రెండూ పొద్దున్నే యేసుకుంటాండె."

ముసలామెకు మళ్లీ మెలకువ రాలేదు. మూడో రోజు పోయింది.

తప్పు నాదేనని చెప్పేయాలని బయటికి వెళ్లాను. నేను నోరు తెరిచేలోపే కోడలు నా చేయి పట్టుకుంది.

"బాదపడాకమ్మా. మా అత్త కడదాకా నీ మాట దాటలేదు. ఒక్క దినమన్నా మాత్ర మర్సలేదు."

సిగ్గుతో చచ్చిపోయాను. ఆమెకు ఏమీ చెప్పకుండానే లోపలికి వచ్చేశాను.