ఎలీసబెతమ్మగారి జిమ్మీ

రెజిమెంటల్ బజారులో బడిపిల్లల యూనిఫారాలు కుట్టే ఎలీసబెతమ్మగారికి ఎవరిమీదా అసూయ లేదని మా వీధివారందరి నమ్మకం. పొరుగింటివారు ఫ్రిజ్ కొన్నా, ఎదురింటి అమ్మాయికి బ్యాంకు ఉద్యోగం వచ్చినా ఆమె మిషను చక్రం ఆగలేదు. అది ఆగింది జిమ్మీ విషయంలోనే.

జిమ్మీ గోధుమరంగు వీధికుక్క. గుంటూరునుండి వచ్చి ఒంటరిగా స్థిరపడిన ఆమె వాకిట్లోకి ఒక వానాకాలం తనంతట తానే వచ్చి, మిషను కింద పడుకొన్నది. గుప్పెడు మెతుకుల కోసం అడవిని విడిచి వచ్చిన తొలి కుక్క ఒక్క మనిషినే నమ్ముకొన్నదో, గుంపునంతటినీ నమ్ముకొన్నదో ఎవరూ చెప్పలేరు. జిమ్మీ మాత్రం తన ఒక్కదాని కోసమే వచ్చిందని ఎలీసబెతమ్మగారు నిశ్చయించుకొన్నారు.

బోయిన్‌పల్లినుండి కూరగాయలు తెచ్చి వీధిమలుపులో అమ్మే పర్వతాలు అనే ఆమె దానిని ‘రాజా’ అని పిలిచేది. ఆమె గొంతు వినబడితే చాలు, జిమ్మీ తోక ఊపుకొంటూ వెళ్ళిపోయేది.

“మా జిమ్మీకి ఏం పెడుతున్నావు పర్వతాలూ?”

“ఏం పెడ్తనమ్మా, నేను తినే రొట్టెల ఇంత ముక్క. మీరు మటన్ బొక్కలు పెట్టినా నా దిక్కే ఉరుకుతది. నేనేం జెయ్యాలె?” అని పర్వతాలు పకపకా నవ్వింది.

ఆ పూట ఎలీసబెతమ్మగారు ఒకే కాలరును పదేపదే విప్పి కుట్టారు.

బోనాలప్పుడు పర్వతాలు కుక్క మెడకు పట్టీ కట్టి, మునిసిపాలిటీ ఇత్తడి బిళ్ళతోపాటు అమ్మవారి తాయెత్తునూ వేలాడదీసింది. బిళ్ళ లేని కుక్కను కుక్కల బండివాళ్ళు పట్టుకుపోతారు. అది తెలిసి కూడా ఎలీసబెతమ్మగారు కత్తెర తీసి పట్టీని కత్తిరించారు. ప్రార్థన జరిగే ఇంట్లో తాయెత్తు ఏమిటని తనకు తాను చెప్పుకొన్నారు. అది సగమే నిజం. తన చేతి పట్టీ కుట్టి బిళ్ళను దానికి మార్చాలని నీలంగుడ్డ వెదుకుతూండగా, “రాజా!” అన్న కేక వినబడింది. కుక్క బోసిమెడతో బయటికి పరుగెత్తింది.

అంతలోనే పర్వతాలు ఏడుస్తూ వచ్చింది. “అమ్మా, రాజాను బండ్ల ఏసిన్రు! పట్టీ ఏడబాయె?”

ఎలీసబెతమ్మగారు బిళ్ళ పట్టుకొని ఆమెతో బండి దగ్గరికి పరుగెత్తారు.

“బిళ్ళ చేతుల ఉంటే ఏం ఫాయిదా అమ్మా?” అన్నాడు బండివాడు. “మీ కుక్కనే అయితే పిలువుండ్రి. వస్తే తీస్కపోండ్రి.”

“జిమ్మీ!”

మూలన వణుకుతున్న కుక్క కదలలేదు. పర్వతాలు కన్నీళ్ళు తుడుచుకొని నోరు తెరవబోయింది. కుక్క ఆమె పిలుపుకు రావడం చూడలేక, ఎలీసబెతమ్మగారు ముందుగా తామే అన్నారు:

“రాజా! రా నాయనా!”

చెవులు నిక్కాయి. కుక్క తక్కిన కుక్కలను తోసుకొంటూ వచ్చి ఆమె చీరకుచ్చిళ్ళలో ముఖం దాచుకొన్నది.

సాయంత్రానికి నీలంపట్టీ సిద్ధమైంది. “తాయెత్తు ఏదమ్మా?” అని పర్వతాలు అడిగింది.

“గుడ్డ మడతలో పెట్టి కుట్టాను. నీకు ఉన్నట్టు, నాకు లేనట్టు.”

“మస్తుంది! దా రాజా, పోదాం.”

కుక్క వెళ్ళిపోయింది. మిషను ఆగింది. మరునాడు ఎలీసబెతమ్మగారు మటన్ కొట్టువానిని ఇంకా పెద్ద బొక్కలు ఇమ్మన్నారని వీధంతా చెప్పుకొన్నది.