మంచుకొండ మీద చెప్పిన క్షమాపణ

కావలిలో రొయ్యల మేత అమ్ముకునే మనిషి మంచు కప్పిన అగ్నిపర్వతం ఎక్కితే ఏమవుతుంది? పర్వతానికేమీ కాలేదు. బద్దలైంది నేనే. చెబుతాను, నవ్వుకోండి.

నాలుగేళ్ల కిందట మేత కంపెనీవాళ్లు డీలర్లను కుటుంబాలతో జపాన్ తీసుకెళ్లారు. నేను, మా ఆవిడ సునీత, పన్నెండేళ్ల కూతురు హర్షిత, మా అత్తగారు మస్తానమ్మ. చలి అంటే రొయ్యల గుంట గట్టు మీద మఫ్లరు చుట్టుకోవడమే అనుకునే వంశం మాది.

"ఎంత దూరం ఎక్కాల?" అంది సునీత, అగ్నిపర్వతం కింద బస్సు దిగి.

"ఎంతలే, మనింటి నుంచి బజారుకు పోయినంత."

రెండు గంటలు ఎక్కాం. మోకాళ్ల దాకా మంచు. పైన ఎక్కడో పొగ.

"ఇదేనా నీ బజారు?" అని, ఆపైన నాతో మాట్లాడటం మానేసింది.

కొండ కింద చలిబట్టలు అద్దెకిచ్చేవాళ్లు అందరికీ ఒకే రకం నీలం కోట్లు, టోపీలు, నల్లటి కళ్లద్దాలు, మూతికి గుడ్డలు ఇచ్చారు. మేం నడుస్తుంటే మేత బస్తాలకు కాళ్లొచ్చినట్టుంది. పైగా మా ఆవిడదీ మా అత్తగారిదీ ఒకే ఎత్తు. నేను బూటు తాడు కట్టుకుని లేచేసరికి ఇద్దరు ముందుకు వెళ్లిపోయారు, ఒకరు ఆగి ఉన్నారు. ఎంతైనా కట్టుకున్నది కదా, నా కోసం ఆగిందని గుండె కరిగిపోయింది. వెళ్లి చెయ్యి పట్టుకున్నాను.

"తప్పు నాదే. దూరం కనుక్కోకుండా చెప్పేసినా."

మూతిగుడ్డ వెనక ఆయాసం ఒక్కటే వినపడింది. ఇంకా కోపమే అనుకున్నాను.

"అసలు మనం ముగ్గురమే రావాల్సింది. మీ అమ్మ ఉంటే నాకు ఊపిరాడదు. ఆమె గురకకు విమానం మోత కూడా వినపడలేదు."

ఆ చెయ్యి నా చేతిని గట్టిగా నొక్కింది. ప్రేమే! ఇక నన్ను ఆపేదెవరు?

"ఇంకోటి చెప్తా, ఎవరికీ చెప్పబాక. మీ అమ్మకు పాస్‌పోర్టు రాకూడదని నూటొక్క కొబ్బరికాయలు మొక్కినా."

అంతలో పైనుంచి సునీత గొంతు: "ఏమయ్యా, అమ్మ చెయ్యి వదలబాక! జారి పడతాది!"

అంత మంచులోనూ నాకు చెమటలు పట్టాయి. పర్వతం ఆ క్షణాన పేలినా బాగుండును. వెధవ పర్వతం, పొగ తప్ప ఏమీ వదల్లేదు.

మా అత్తగారు మూతిగుడ్డ కిందికి దించి, తీరిగ్గా ఊపిరి పీల్చుకున్నారు.

"నూటొక్కటా, నాయనా?"

"అదీ... అత్తా... ఊరికే, మాటవరసకు..."

"నేను రెండొందలు మొక్కినా. నీకు రాకూడదని."

ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆమె ముందు నవ్వారో నేను నవ్వానో తెలియదు కానీ, ఇద్దరం మంచులో కూలబడ్డాం.

"ఏందా నవ్వు?" పైనుంచి సునీత.

"ఏం లేదులేమ్మా, ఈ మధ్య దేవుళ్లు ఎవరి మాటా వినడం లేదని చెప్పుకుంటున్నాం" అన్నారు మా అత్తగారు.

ఆ మంచు మీదే, చెయ్యెత్తి ప్రతిజ్ఞ చేశాను: ఇకమీదట ముఖం చూడకుండా ఎవరికీ క్షమాపణ చెప్పను. కట్టుకున్న పెళ్లామైనా సరే, ముందు ఆధార్ కార్డు చూపించాల్సిందే.