వార్డులో జరిగిన శంకుస్థాపన

2005 ఎండాకాలం. కర్నూలులోని ఒక పెద్దాసుపత్రిలో, మగవాళ్ల సర్జికల్ వార్డులో నేను స్టాఫ్ నర్సుగా ఉన్నాను. కోడుమూరు దాటాక ఉన్న ఒక పల్లె నుంచి మద్దిలేటి అనే రైతును తీసుకొచ్చారు. నలభై ఏళ్లుంటాయి. కింది దవడ విరిగి, ముఖం ఒక పక్కకు జారినట్టుగా ఉంది. బండి మీద నుంచి పడ్డాడని వెంట వచ్చినవాళ్లు చెప్పారు. బండి మీద నుంచి పడిన మనిషికి మోచేతులో మోకాళ్లో గీసుకుపోతాయి. ఇతని చేతుల మీద చిన్న గీత కూడా లేదు. వీపు మాత్రం కర్ర దెబ్బలతో కమిలిపోయింది. డ్యూటీ డాక్టరు చూసి ఎం.ఎల్.సి. అన్నారు. అంటే ఆసుపత్రి తప్పనిసరిగా పోలీసులకు తెలియజేయాల్సిన కేసు.

ఆపరేషన్ చేసి ఐ.ఎం.ఎఫ్. పెట్టారు. పై పళ్లనూ కింది పళ్లనూ సన్నటి తీగలతో కలిపి బిగించి కట్టడమన్నమాట. ఎముక అతుక్కునేదాకా నోరు తెరుచుకోదు. మాట్లాడటం, నమలడం కుదరవు. పళ్ల సందుల్లోంచి మజ్జిగో పల్చటి రాగిజావో పీల్చుకోవాలి. తలాపున తీగలు తెంచే కట్టర్ ఎప్పుడూ వేలాడుతూ ఉండాలి. వాంతి వస్తే ఊపిరాడదు కాబట్టి వెంటనే తెంచేయాలి. అది ఎలా పట్టుకోవాలో, ఏ తీగ దగ్గర పెట్టాలో అతని భార్య ఈరమ్మకు చూపించాను. శ్రద్ధగా నేర్చుకుంది.

జరిగిందేమిటో కూడా ఈరమ్మే చెప్పింది, వరండాలో కొళాయి దగ్గర చెంబు కడుగుతూ. మద్దిలేటి పొలం పని లేని రోజుల్లో నాటకాల్లో హాస్యగాడి వేషం కడతాడు. ఈసారి జాతరలో తమ ప్రాంతపు నాయకుడి వేషం కట్టాడు. అధికారంలో ఉన్న మనిషి. వాళ్ల ఊరి కాలువకు ఎన్నికలు వచ్చినప్పుడల్లా శంకుస్థాపన చేసి వెళ్తాడు. రాళ్లు నిలబడ్డాయి, నీళ్లు రాలేదు.

“ఆయప్ప మాదిరి నడిచి, టెంకాయ కొట్టి, మళ్లా ఈ పక్కకొచ్చి రైతు మాదిరి చేతులు కట్టుకున్యాడమ్మా. ‘కాలవ వద్దులే సామీ, ఇంగా నాలుగు రాళ్లు పాతిచ్చి పో. మా బడికి గోడ లేదు, కట్టుకుంటాం’ అన్యాడు. జనం విరగబడి నవ్విరి. ఇంటికొచ్చే దావలో పట్టుకొని కొట్టినారు.”

“మరి బండి మీద నుంచి పడ్డాడని ఎందుకు చెప్పారు?”

“ఊర్లో బతకల్ల కదమ్మా. మనిషి పానంతో ఉండాడు. నాకు అదే శానా.”

మేము వార్డులో ఎనిమిది గంటలు ఉండి ఇంటికి పోతాం. ఆ ఊళ్లో ఉండాల్సింది ఆమె.

వాంగ్మూలం కోసం కానిస్టేబుల్ వస్తే, మత్తు దిగాక రమ్మని డాక్టరు పంపించేశారు. ఆ సాయంత్రమే తెల్లచొక్కా వేసుకున్న ఒకాయన వచ్చాడు. నాయకుడి మనిషి. మద్దిలేటి వైపు చూడకుండా ఈరమ్మతోనే మాట్లాడాడు.

“రేపు అన్న ఈడికొస్తాండాడు, రోగులకు పండ్లు పంచేకి. మీ ఆయన్ని గూడా పలకరిస్తాడు. పేపరోళ్లు వస్తారు. బండి మీద నుంచి పడినాడనే కదా మీరు చెప్పింది? ఆ మాట మీదనే ఉండండి.”

ఈరమ్మ తలూపింది. మద్దిలేటి గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

మర్నాడు వార్డంతా ఫినాయిల్ వాసన. ఎన్నాళ్లుగానో తిరగని ఫ్యాన్లు తిరిగాయి. నాయకుడు గుంపుతో వచ్చి మంచం మంచానికీ ఒక యాపిల్ ఇస్తూ మద్దిలేటి దగ్గర ఆగాడు. పండు చేతిలో పెట్టి, ముఖం కెమెరాల వైపు తిప్పాడు.

“నీ ఆటంటే నాకు శానా ఇష్టమప్పా. బండి మీద జాగర్తగా పోవల్ల. పండు తిను, బలమొస్తాది.”

“ఆయన నోరు తెరవలేడు సార్, తీగలు కట్టాం” అన్నాను.

“మంచిది, మంచిది” అన్నాడాయన.

మద్దిలేటి మెల్లగా మంచం దిగాడు. సాయం పట్టబోతే వద్దన్నట్టు చెయ్యి అడ్డుపెట్టాడు. యాపిల్‌ను కళ్లకద్దుకుని, వంగి, రెండు మంచాల మధ్య నేల మీద రాయి నాటినట్టు నిలబెట్టాడు. భుజం మీద దుప్పటి కొంగును కండువాలా సర్దుకున్నాడు. లేని టెంకాయను కొట్టాడు. లేని పూలు చల్లాడు. కెమెరాల వైపు తిరిగి, గడ్డం కొంచెం పైకెత్తి, అచ్చం ఆ నాయకుడిలాగే నమస్కారం పెట్టాడు. ఆ తర్వాత పండు వైపు తిరిగి చూడకుండా, జనానికి చెయ్యి ఊపుతూ, వెళ్లిపోతున్నట్టు నాలుగడుగులు నడిచాడు.

మొదట ఒక రోగి తల్లి, పళ్లు లేని ముసలమ్మ, కిసుక్కున నవ్వింది. పక్క మంచంలో హెర్నియా ఆపరేషన్ అయిన మనిషి కుట్లు ఊడిపోతాయని పొట్ట పట్టుకుని మరీ నవ్వాడు. వార్డంతా నవ్వింది. నవ్వించినవాడు మాత్రం నవ్వలేడు. నొప్పికి అతని కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. నాయకుడు కెమెరాల ముందు కాసేపు చిరునవ్వు నిలుపుకుని, మద్దిలేటి భుజం తట్టి, మిగతా మంచాలు చూడకుండానే వెళ్లిపోయాడు.

నేను మద్దిలేటిని పడుకోబెట్టి నాడి చూశాను. గుండె దడదడా కొట్టుకుంటోంది. ఈరమ్మ చాలాసేపు అతని పాదాల దగ్గర కూర్చుంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

మధ్యాహ్నం కానిస్టేబుల్ వచ్చి, “మాట రాదు కాబట్టి తలాడించు చాలు. బండి మీద నుంచి పడినావా?” అని అడిగాడు. మద్దిలేటి భార్య వైపు చూశాడు. ఆమె లేచి నిలబడింది.

“పడలేదు సారూ. కొట్టినారు. వాళ్లు ఎవరెవరో నేను చెప్తా, రాసుకో” అంది. ఒక్కొక్క పేరూ చెబుతుంటే, మద్దిలేటి ఒక్కొక్క పేరుకూ తలూపాడు.

ఆ కేసు నిలబడలేదని తర్వాత తెలిసింది. జాతరలో నవ్విన ఊరిలో సాక్ష్యం చెప్పడానికి ఎవరూ ముందుకు రాలేదట. భార్యాభర్తలు ఊరు వదిలి ఆదోని వైపు పోయారు. తీగలు తీసేశాక దవడ కొద్దిగా వంకరగా అతుక్కుంది. కొన్ని మాటలు అతను స్పష్టంగా పలకలేడు. అయినా వేషాలు కడుతూనే ఉన్నాడని, చెకప్‌కు వచ్చినప్పుడు ఈరమ్మ చెప్పింది. ఆ చెప్పడంలో భయమూ ఉంది, కొంచెం గర్వమూ ఉంది.

నాకు ఆ కేసు నేర్పింది ఒకటే. ఆ రోజు ఆ గుంపు వార్డులోకి వచ్చే ముందు, నిన్ను చూడటానికి వాళ్లను రానివ్వమంటావా అని మద్దిలేటిని ఎవరూ అడగలేదు. మంచం మీద ఉన్నవాడు ఎవరొచ్చినా దండం పెట్టాల్సిందే అన్నట్టు ఉంటుంది మా దగ్గర. అప్పటి నుంచి పెద్దవాళ్లెవరైనా పరామర్శకు వస్తున్నారంటే, ముందు రోగి చెవిలో అడుగుతాను. చాలామంది భయంతోనో మొహమాటంతోనో సరే అంటారు. ఒకసారి కాలు తీసేసిన ఒక ముసలాయన, “వద్దు తల్లీ” అన్నాడు. నేను తెర లాగేసి, బయటికొచ్చి, డ్రెస్సింగ్ జరుగుతోంది, ఎవరూ లోపలికి రాకూడదని చెప్పి, వాళ్లంతా వెళ్లిపోయేదాకా అక్కడే నిలబడ్డాను.