అచ్చమైన చెక్క

రేపల్లెలో మా వీధివాళ్ళు ఇప్పటికీ నన్ను చూస్తే ముక్కు మూసుకుని నవ్వుతారు. వాళ్ళ తప్పేమీ లేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం వీధి మొత్తానికీ నేను పెట్టిన పొగ అలాంటిది.

గ్యాస్ బండ బుక్ చేస్తే ఎప్పుడొస్తుందో తెలియని రోజులవి. నేను కొత్త కోడలిని. తెనాలిలో డిగ్రీ కెమిస్ట్రీ చదివానన్న పొగరు కాస్త ఎక్కువే. బాపట్లలో ఉద్యోగం చేసే మా ఆయన చేత పట్టుబట్టి గుళికల పొయ్యి కొనిపించాను. కింద చిన్న ఫ్యాను. అందులో వేయడానికి రంపప్పొట్టును గట్టిగా నొక్కి చేసిన గుళికలు, పెన్సిలంత లావువి. పొగ రాదు, మసి అంటదు. మా అత్తయ్యకు మాత్రం ఆ పొయ్యి సుతరామూ నచ్చలేదు.

"గుళికలంటే వరిచేలో చల్లేవి. వాటితో అన్నం వండుతావుటే?" అని బుగ్గలు నొక్కుకుంది. తర్వాత పందెం వేసింది. "ఆదివారం పెనుమూడి నుంచి మా అన్నయ్యావాళ్ళు భోజనానికొస్తున్నారు. వంటంతా దీని మీదే చెయ్యి. కుదిరిందా, వంటిల్లు నీది. కుదరలేదా, పొయ్యి అటకెక్కుద్ది."

"సరే అత్తయ్యా!" అన్నాను. అనకుండా ఉండాల్సింది, కానీ నోరు నాది కదా!

తీరా ఆదివారం పొద్దున చూస్తే సంచిలో పొడి తప్ప గుళిక లేదు.

"నిన్ననే చూడొచ్చు కదండీ?"

"నేను చూడాల్సింది గుళికల్నా, పెళ్ళాన్నా?" అన్నాడు మా ఆయన పేపరు తిప్పుతూ.

"ముందు గుళికల్ని చూడండి!"

బాపట్లలో గుళికలమ్మే కొట్టు ఆదివారం తెరవరట. వీధి గుమ్మానికీ వంటింటికీ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరిగి తిరిగి, ఇక ఆగలేక రిక్షా ఎక్కి బజార్లో పడ్డాను. ఒక కొట్టు ముందు మూతి విప్పిన గోనెసంచి, అందులో అచ్చం అవే గుళికలు! ప్రాణం లేచొచ్చింది.

"బాబాయ్, ఈ గుళికలు పొలానివి కావుగా?"

"కాదమ్మా, ఇంటికే. పూటకెంత పెడుతున్నారేంటి?"

"ఒక కిలో అండి."

"చాలదమ్మా, నీరసపడిపోద్ది."

"అవునండీ! మధ్యమధ్యలో నీరసపడుతోంది."

"ఇయ్యి పెట్టి చూడండి. లేచి కూచుంటది."

ఈయనకు పొయ్యిల సంగతి బాగా తెలుసనుకున్నాను. అయినా కెమిస్ట్రీ ఊరుకుంటుందా? పొయ్యి అమ్మినవాళ్ళు నేర్పిన పరీక్షలన్నీ పెట్టాను. ఒకటి విరిచాను, టక్కుమంది. సంచి అడుగుదాకా చెయ్యి పెట్టాను, పొడి లేదు. గుళికలు నూనె రాసినట్టు నిగనిగలాడుతున్నాయి. వాసన చూస్తే కమ్మగా ఉంది.

"దేనితో చేశారండీ?"

"మంచి చెక్కమ్మా. వట్టి పొట్టు కాదు."

"అచ్చం చెక్కేనా?"

"కల్తీ అని తేలితే సంచి తెచ్చి నా మొహాన కొట్టండి."

చెక్కతో చేసిన గుళికలు! ఇంతకన్నా ఏం కావాలి? సంచిని రిక్షాలో పక్కనే కూర్చోబెట్టుకుని ఇంటికొచ్చాను.

చుట్టాలు దిగారు. నేను పొయ్యి వెలిగించి, ఫ్యాను వేసి, ఎసరు పెట్టాను. ముందు బుస్సుమంది. తర్వాత నల్లటి జిడ్డు పొగ వంటిల్లు దాటి, వసారా దాటి, వీధిలోకి నడిచింది.

"ఏంటే ఈ వాసన? వేరుశనక్కాయలు మాడుస్తున్నావా?" అత్తయ్య కొంగు అడ్డం పెట్టుకుని దగ్గుతోంది.

"చెక్క మంచిదత్తయ్యా! అందుకే ఆ వాసన!"

ఫ్యాను వేగం పెంచాను. పొగ కూడా పెరిగింది. ఎసరు మాత్రం చల్లగా నన్నే చూస్తోంది. నాకు ఏడుపొక్కటే తక్కువ. అంతలో పక్కింటి గేదె పలుపు తెంపుకుని, పెరటి గుమ్మంలోంచి తల దూర్చి, నా సంచిలో మూతి పెట్టింది. అదిలిస్తే కదలదు, కొడితే వినదు.

అత్తయ్య వాళ్ళ అన్నయ్య, నాకు వరసకు పెదనాన్న, వచ్చి సంచిలోంచి గుప్పెడు తీసి చూశాడు.

"అమ్మాయ్, నువ్వే చూసి తెచ్చావా?"

"నేనే పెదనాన్నగారూ! విరిచి, వాసన చూసి మరీ తెచ్చాను."

"బాగా ఏరావమ్మా. మా గేదెలక్కూడా ఇదే దాణా."

కొట్టాయన నిజమే చెప్పాడు. నేనడిగింది చెట్టు చెక్క, ఆయన చెప్పింది నూనె తీశాక మిగిలే వేరుశనగ చెక్క. నీరసపడేది నాకు పొయ్యి, ఆయనకు గేదె.

అత్తయ్య డబ్బా మూత తీసి పప్పుచెక్కలు పళ్ళెంలో పోసింది. "తిను అన్నయ్యా, ఇవి మనుషుల చెక్కలే." తర్వాత నావైపు తిరిగి, ఎంతో ఆప్యాయంగా అడిగింది: "అమ్మాయ్, ఇంతకీ నీ పొయ్యి పూటకి పాలెన్ని ఇస్తుందే?"

సాయంత్రానికల్లా పొయ్యి అటకెక్కింది, సంచి గేదెకెక్కింది. ఆ అటక సాక్షిగా, పాఠకులారా, ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మళ్ళీ ఏ కొట్టుకెళ్ళినా, కొనేది దాల్చినచెక్కే అయినా సరే, "ఇది పొయ్యికా, గేదెకా?" అని అడగకుండా సంచి ముట్టను.