బాడీ దొరకలేదు

సీరియల్లో నేను చచ్చిపోయానంటే మా ఇంట్లో ఎవరూ ఒప్పుకోలేదు. కారు లోయలో పడింది, అంతే. బాడీ దొరకలేదు. బాడీ దొరక్కపోతే మనిషి బతికున్నట్టే, మా ఫీల్డులో అదే రూలు. గోడమీద ఫోటోకి దండ పడేదాకా ఏ రోజైనా ఫోను రావచ్చు, ముఖానికి కట్టుతో ఆస్పత్రి మంచం మీద కళ్ళు తెరవచ్చు. డైరెక్టరూ అదే అన్నాడు. "దండ వెయ్యలేదు కద సార్, కొన్నాళ్ళు ఇంటికెళ్ళి రెస్టు తీసుకోండి."

హైదరాబాదులో రూము ఖాళీ చేసి గాజువాక వచ్చేశాను. ఏళ్ళ తరబడి ఆ సీరియల్లో నేను మంచి మొగుణ్ణి. తల్లి ఒకటంటే పెళ్ళాం ఒకటంటుంది, మధ్యలో నిలబడి ఇద్దర్నీ మార్చి మార్చి చూడ్డం నా ఉద్యోగం. గొంతు కూడా నాది కాదు. నా వైజాగు యాస పనికిరాదని ఇంకొకతను డబ్బింగు చెప్పేవాడు. ఇప్పుడతను వేరే సీరియల్లో వేరే మొగుడికి చెప్తున్నాడు. విన్నాను, బాధేమీ వెయ్యలేదు. అప్పటికే నాకు ఏదీ పెద్దగా అనిపించడం మానేసింది.

ఊళ్ళోవాళ్ళు మాత్రం వదల్లేదు. ఫిషింగ్ హార్బర్లో చేపలమ్మే ఆవిడ నన్ను చూస్తే చాలు, బేరం ఆపేసి, "లోయలోంచి ఎప్పుడొత్తావు నాయనా, ఆ పిల్ల ఏడ్సి ఏడ్సి సచ్చిపోతంది" అనేది. వస్తానమ్మా అనేవాణ్ణి. ఆటోనగర్లో లేతు మిషన్ల షెడ్డున్న మా బావమరిది ఇంకో రకం. "పోనొత్తే ఎల్దువుగాని బావా, అందాకా మా షెడ్డులో కూకో, బిల్లులు సూసుకుందువు" అన్నాడు. మంచికే అన్నాడు. అక్కడ ఒకసారి కూచుంటే ఇక లేవనని నాకు తెలుసు. రేపు, ఎల్లుండి అంటూ జరుపుకొచ్చాను. మళ్ళీ పిలిస్తే మొహం పాత సీన్లలో లాగే ఉండాలి కదా, ఆ కంటిన్యుటీ కోసం మీసం కూడా ముట్టుకోలేదు.

ఒకరోజు ఫోను ఇంట్లో వదిలేసి కూరలకి వెళ్ళొచ్చేసరికి మా ఆవిడ గుమ్మంలోనే నిలబడి ఉంది.

"సీరియల్ కంపెనీ మేనేజరు పోన్ సేసేడండి. మీ పోటో కావాలంట, అర్జెంటంట. నవ్వుతా, ఎదర సూత్తా ఉన్నది. మా సెల్లి పెళ్ళిలోది ఉంది కదా, అందులో నన్ను కట్ సేసీసి పంపీసేను."

"ఎందుక్కని అడగలేదా?"

"ఇంకెందుక్కి, మిమ్మల్ని మళ్ళీ పెడతన్నారు."

పోస్టరు కోసమైతే వాళ్ళే మేకప్పేసి ఫోటో తీసుకుంటారు. నవ్వుతూ ఎదురుగా చూసే ఇంటి ఫోటో మా ఫీల్డులో ఒక్క పనికే అడుగుతారు. మా ఆవిడ మొహం చూసి ఆ మాట చెప్పలేకపోయాను. మా అమ్మ అప్పటికే చీర మార్చుకుంటోంది. నాన్నగారికి స్టీల్ ప్లాంటులో ఉద్యోగం వచ్చి గోదావరి జిల్లా నుంచి ఇక్కడికి చేరినప్పట్నించీ ఆవిడకి ఏ మంచి జరిగినా సింహాచలమే. "ఆ స్వామి ఇన్నాళ్ళకి మన మొహం చూశాడురా" అని బస్సెక్కేసింది.

ఆ వారంలోనే చూపించారు. సాయంత్రం టీవీ ముందు ముగ్గురం కూచున్నాం. హాల్లో గోడ, గోడమీద నేను, నాకు దండ, కింద దీపం. సీరియల్ పెళ్ళాం బొట్టు లేకుండా మెట్లు దిగుతోంది. కెమెరా అలవాటు ప్రకారం మళ్ళీ మళ్ళీ నా మొహం మీదికొస్తోంది. అప్పుడు చూశాను. నా భుజం మీద మా ఆవిడ వేళ్ళు అలాగే ఉండిపోయాయి. మనిషిని కట్ చేసింది గానీ వేళ్ళు పోలేదు. దండ వాటి మీద నుంచే వేలాడుతోంది.

ఆవిడా చూసింది. మంగళసూత్రాలు కళ్ళకద్దుకుని, పిడికిట్లో పట్టుకుంది. "నా సేత్తో నానే పంపేనండి" అంది మెల్లిగా.

"ఫోటో బాగుంది" అన్నాను. నిజంగానే బాగుంది. అంతకుమించి నాకేమీ అనిపించలేదు.

అమ్మ లేచి టీవీ కట్టేసింది. నా దగ్గరికొచ్చి నుదుటి మీద, మెడ మీద చెయ్యేసి చూసింది.

"వెచ్చగానే ఉన్నావురా" అంది.

ఆ చెయ్యి తగిలినట్టు కూడా నాకు తెలియడం లేదని ఆవిడకి ఎలా చెప్పను.